బంధువులు కాని ఇద్దరు

మలక్‌పేట గంజిలో పనికి దరఖాస్తు పెట్టే ఆనవాయితీ లేదు. చీకటి విడవకముందే ఉల్లిగడ్డ లారీలు లోపలికొస్తాయి. అప్పటికే హమాలీలు జట్లుజట్లుగా కూర్చుని ఉంటారు. ఏ జట్టు ఎవరి దుకాణం ముందు బస్తాలు దించాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త కుర్రాడు ఆ జట్టులో చేరాలంటే పాత హమాలీ ఒకడు వెంటబెట్టుకు రావాలి. "మావోడే, పాలమూరు దిక్కు" అనాలి. అంతే, ఇంటర్వ్యూ అయిపోయినట్టు. తూకం వేసే దడువాయిలూ, కమీషన్ దుకాణాల్లో చిట్టా రాసే గుమాస్తాలూ చాలావరకు అదే దారిన వచ్చినవాళ్లే. మహబూబ్ మాన్షన్ ఆవరణలో పెరిగిన ఈ మార్కెట్లో మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ ఒక గంట నిలబడితే చాలు, ఈ నగరంలో పని ఎలా దొరుకుతుందో సగం అర్థమైపోతుంది.

మిగతా సగం కోసమే నేనీ పేటకు వచ్చాను. "మావోడే" అని చెప్పే మనిషి లేని పిల్లల సంగతేమిటి? వాళ్లకు పని చూపిస్తామని సర్కారూ సంఘాలూ దశాబ్దాలుగా పథకాలు పెడుతూనే ఉన్నాయి. వాటిలో ఏవి నిలిచాయి, ఏవి కాగితాల మీదే తిరిగాయి అన్నది కాలినడకన చూద్దామనుకున్నాను. మలక్‌పేట దీనికి అనువైన చోటు. మూసీకి దక్షిణాన ఉంది కాబట్టి అవతలివాళ్లు దీన్ని పాతబస్తీ అంటారు. చార్మినార్ వాళ్లను అడిగితే నవ్వేసి, "అది నల్గొండ పోయే తొవ్వ" అంటారు. పక్కనే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, ఇటు చంచల్‌గూడ జైలు, మధ్యలో రేసుకోర్సు. ఉద్యోగానికి సంబంధించినంతవరకు మనిషి పడే అవస్థలన్నీ మూడు నాలుగు కిలోమీటర్లలో కనిపిస్తాయి.

రేసుకోర్సు గోడ పక్కనుంచి నడిచాను. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో, మౌలాలీ నుంచి గుర్రప్పందేలు ఇక్కడికి మారాయి. లోపల గుర్రాలకు వంశవృక్షాలు రాసిపెడతారు. వాటిని చూసుకునే సైసులకూ వంశవృక్షాలుంటాయి, రాసిపెట్టరంతే. ఇంకాస్త ముందుకు పోతే మూసారాంబాగ్. ఫ్రాన్సులోని గాస్కనీ నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చిన రేమండ్ అనే సైనికుడి పేరే జనం నోట్లో పడి అలా మారిందంటారు. 1755లో పుట్టి, వ్యాపారం చేద్దామని పుదుచ్చేరి చేరి, అది కలిసిరాక సిపాయి పనిలో దూరి, చివరికి నిజాం కొలువులో వేలమంది సైన్యానికి అధిపతై 1798లో ఇక్కడే పోయాడు. గుట్ట మీద సమాధి ఉంది. పరాయి దేశంలో ఆయనకు సిఫారసు చేసిందెవరో గానీ, నేను ఆ రోజు కలిసిన కుర్రాళ్లు ఆయనంత దూరం పోవాలని కోరుకోవడం లేదు. హైటెక్ సిటీ దాకా పోతే చాలంటున్నారు.

నల్గొండ చౌరస్తా దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీద ఒక పెద్దాయన సాసర్లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. మాట కలిపాను. కుర్రతనంలో సెట్విన్ బస్సు నడిపాడట.

సెట్విన్ అన్న పేరు ఈ తరానికి అంతగా తెలియకపోవచ్చు. జంటనగరాల్లో ఉపాధి కల్పన కోసం, శిక్షణ కోసం 1978లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంఘం అది. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపితే సెట్విన్. కుట్టుపని, ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేయడం, తర్వాతి రోజుల్లో కంప్యూటర్, బ్యూటీషియన్ కోర్సులు, ఇలా చాలా నేర్పింది, ఇప్పటికీ నేర్పుతోంది. కానీ హైదరాబాదు జనానికి సెట్విన్ అంటే బస్సే. ఆర్టీసీ పెద్ద బస్సులు పట్టని ఇరుకు రోడ్లలోకి దూరిపోయే మినీ బస్సులవి. పొడగరి అయితే మెడ వంచుకునే నిలబడాలి. నిరుద్యోగి చేతికి స్టీరింగు ఇచ్చి, ఇంకొకడి చేతికి టికెట్ల కట్ట ఇచ్చి, మిగతా నిరుద్యోగులను అందులో ఎక్కించిన పథకం అని అప్పట్లో హాస్యమాడేవాళ్లు.

"సెట్విన్ల డ్రైవరంటే మా మామ గవర్నమెంటు నౌకరీ అనుకున్నడు సార్. అట్లనే పిల్లనిచ్చిండు" అన్నాడు పెద్దాయన. "పెండ్లయినంక తెలిసింది ఆయనకు. అప్పటికి ఏం జేస్తడు?"

ఆయన చెప్పిన దాంట్లో నాకు ఆసక్తి కలిగించింది పెళ్లి కథ కాదు. మొదట ఆయన కిరాయి ఆటో తోలేవాడు. సెట్విన్లో పనిచేస్తున్న గల్లీ కుర్రాడు రమ్మంటే క్లీనరుగా ఎక్కాడు. రెండేళ్లు తలుపు పట్టుకుని "చార్మినార్, చార్మినార్" అని అరిచాక లైసెన్సు చేయించుకుని డ్రైవరయ్యాడు. ఆ తర్వాత తన గల్లీ వాళ్లను ముగ్గురిని తెచ్చాడు. బండ్లు ఆగిపోయాక కూడా ఆ డ్రైవింగే కూడు పెట్టింది, స్కూలు వ్యాను నడిపాడు. పథకాన్ని ఆఫీసులో రాసినవాళ్లు ఇదంతా ఊహించి ఉండరు. వాళ్లు బస్సులిచ్చారు. బస్సు రోజూ గల్లీ మొదట్లో ఆగేది. అందులో పనిచేసేవాడు అందరి కళ్లకూ కనపడేవాడు. పని అనేది ఎక్కడో మూసిన గదుల్లో పంచిపెట్టే వస్తువు కాకుండా, రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ ఎదురుగా వచ్చేది. తర్వాత వచ్చిన చాలా పథకాలకు ఈ గుణం లేదు. 1993లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన అప్పుల సంగతి తీస్తే పెద్దాయన మొహం అదోలా పెట్టాడు. "అప్పు దొరికింది సార్, బ్యాంకుల జామీనుండేటోడే దొరకలే."

మళ్లీ అదే సమస్య. జామీను.

ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ఈ జామీను బాధను తప్పించడానికే పుట్టిందనుకోవచ్చు. 1945లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు పని చూపడానికి మొదలైన ఏర్పాటు, తర్వాత అందరికీ తలుపులు తెరిచింది. 1959 చట్టం ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది. అక్కడినుంచే మనిషిని తీసుకోవాలన్న నిబంధన మాత్రం అందులో లేదు. హైదరాబాదు వాళ్లకు ఆ కార్యాలయం మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో. పదో తరగతి పాసైన వెంటనే పేరు రాయించుకోవడం, మూడేళ్లకోసారి కార్డు రెన్యువల్ చేయించుకోవడం ఒక తరం వాళ్లకు పుష్కర స్నానమంత నిష్ఠగా సాగిన తంతు. "సీనియారిటీ వస్తుంది" అనేవారు ఇంట్లో పెద్దలు. ఇంటర్వ్యూ కార్డు వచ్చేది ఎక్కడో ఒకరికి. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన జాబితాతో సరిపెట్టకుండా పత్రికల్లో కూడా ప్రకటించి అందరికీ అవకాశమివ్వాలని చెప్పింది. న్యాయంగా చూస్తే సరైన తీర్పే. కార్డు పట్టుకుని ఏళ్ల తరబడి కాచుకున్న వాడికి మాత్రం వరస చెరిగిపోయింది. ఇప్పుడు తెలంగాణలో డీట్ అని డిజిటల్ ఎక్స్ఛేంజి వచ్చింది. ఫోన్లోనే పేరు నమోదు. ప్రయాణం ఖర్చు మిగిలిన మాట నిజం. ఫోన్ మాత్రం ఎవరికీ "మావోడే" అని చెప్పదు.

చౌరస్తా నుంచి వికలాంగుల సంక్షేమ భవన్ ఎంతో దూరం లేదు. రాష్ట్రం మొత్తానికి దివ్యాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం ఇక్కడే. అందుకే మలక్‌పేటలో దిగేవాళ్లలో ఆదిలాబాద్ నుంచో, నాగర్‌కర్నూల్ నుంచో సదరం సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చినవాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. మెట్ల దగ్గర వేప నీడన ఒక తల్లీ కొడుకూ కూర్చున్నారు. అబ్బాయికి వినపడదు, మాట రాదు. డిగ్రీ చదివాడు. వాడు సైగలతో నాకేదో చెప్పబోతే తల్లి అందుకుని, "మూడు చక్రాల బండికి అనుకుంటున్నరు సార్ అందరు. వీనికి కాళ్లు మంచిగనే ఉన్నయి, నౌకరీ కావాలె" అంది. గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అంది. నౌకరీ వస్తే నెలకు వచ్చే పింఛను పోతుందేమోనని ఇంట్లో భయపడుతున్నారట. 2023లో ఆ పింఛను 4,016 రూపాయలకు పెరిగింది. ఉద్యోగం ఆరు నెలలకు ఊడిపోతే, ఆగిన పింఛను మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? ఆ తల్లి లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం కేటాయించింది. ప్రైవేటు కొలువుల్లో కేటాయింపు లేదు. అక్కడ ఎవరో వెళ్లి తలుపు తట్టాలి. హైదరాబాదులో ఆ పని చేసిన మనిషి మీరా షెనాయ్. 2005 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి కంపెనీలకు పంపడానికి పెట్టిన ఎంప్లాయ్‌మెంట్ జనరేషన్ అండ్ మార్కెటింగ్ మిషన్‌ను నడిపిన అధికారుల్లో ఆమె ఒకరు. 2012లో దివ్యాంగుల కోసమే యూత్ ఫర్ జాబ్స్ సంస్థను ప్రారంభించారు. ఆ సంస్థ పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. శిక్షణ కుర్రాళ్లకు మాత్రమే ఇచ్చి ఊరుకోరు, ఉద్యోగమిచ్చే చోట ఉన్నవాళ్లకూ ఇస్తారు. వినపడని కుర్రాడు షాపులో చేరితే, పక్కన పనిచేసేవాళ్లకు నాలుగు సైగలు రావాలి కదా. ఇది చాలా చిన్న విషయం. మన నైపుణ్య శిక్షణ పథకాల్లో చాలావాటికి ఈ చిన్న విషయం తట్టలేదు. అవి లోపమంతా పిల్లవాడిలోనే ఉందనుకుంటాయి. మాట్లాడటం రాదంటాయి, టై కట్టుకోవడం రాదంటాయి, నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడతాయి. అవతలి వైపు కుర్చీలో కూర్చున్న మనిషికి ఎవరూ ఏదీ నేర్పరు.

చంచల్‌గూడ వైపు తిరిగాను. జైలు గోడలు నిజాం కాలం నాటివి. గోడ పక్కనే జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకు. శిక్ష అనుభవిస్తున్నవాళ్లూ, శిక్ష పూర్తయి బయటపడినవాళ్లూ ఇక్కడ పెట్రోలు పోస్తారు. సబ్బులు, చేనేత దుప్పట్లు, బేకరీ సరుకులు 'మై నేషన్' పేరుతో అమ్ముతారు. ఆఫీసుకు పోయే జనం బండి ఆపి, "రెండొందలది కొట్టన్నా" అంటున్నారు. పోసేవాడు ఎవరో, ఏం చేసి వచ్చాడో అడిగినవాళ్లు లేరు. మీటర్లో సున్నా ఉందా లేదా అన్నదే చూసుకుంటున్నారు. మిగతా దేశంలో జైలు నుంచి వచ్చిన మనిషికి పని ఎందుకు దొరకదని సదస్సులు జరుగుతుంటే, ఇక్కడ జైళ్ల శాఖే యజమాని అయి కూర్చుంది. జామీను అడగాల్సినవాడే జామీనైతే ఇక అడిగేదెవరు? ఆలోచన అంత సూటిగా ఉంది. అయితే ఒక బంకులో ఎంతమంది పడతారు అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది.

పెద్ద సంఖ్యలు చెప్పే పథకాలకు మలక్‌పేటలో లోటేమీ లేదు. 2023 అక్టోబరులో, ఎన్నికలకు ముందు, అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ఇక్కడ ఐటీ టవర్‌కు శంకుస్థాపన చేశారు. మాదాపూర్ దాకా పోనక్కర్లేకుండా ఉద్యోగాలే ఈ వైపుకు వస్తాయన్నారు. ఆ మాటలో ఉన్న తర్కం మంచిదే. ఈ పిల్లల ఉద్యోగాల్లో సగం గొడవ దూరానిదే. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రో తెరిచాక, ఆపై 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా రెండో లైను అందుబాటులోకి వచ్చాక, మలక్‌పేట అమ్మాయి అమీర్‌పేటలో మారి గంటలోపే అక్కడికి చేరుకోగలుగుతోంది. అంతకుముందు బస్సులో ఎంత పట్టేదో అనుభవించినవాళ్లకే ఎరుక. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకంతో ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు. నైపుణ్య శిక్షణ అనే పద్దు కింద ఎవరూ లెక్కవేయరు గానీ, ఈ రెండూ ఎందరి చేత ఉద్యోగం చేయించాయో ఉదయం ఎనిమిదింటికి ప్లాట్‌ఫారం మీద నిలబడితే తెలుస్తుంది.

నేను చివరికి చేరింది ఒక ఫంక్షన్ హాలుకు. జాబ్ మేళా. పెళ్లికి వేసే ఎర్ర తివాచీ అలాగే ఉంది. వేదిక మీద పెళ్లికూతురి సోఫా జరిపి కంపెనీల ఫ్లెక్సీలు కట్టారు. పాతబస్తీ వైపు పోలీసులు కూడా ఇలాంటి మేళాలు పెట్టడం కొన్నేళ్లుగా ఉన్నదే. 2018 నాటికి నగర పోలీసులు 'జాబ్ కనెక్ట్' అని ఒక బండిని బస్తీల్లో తిప్పి పేర్లు నమోదు చేయించారు. అర్ధరాత్రి గల్లీలను చుట్టుముట్టి బండ్ల కాగితాలు అడిగే పోలీసులే పొద్దున బయోడేటా అడగడం చూసి అప్పట్లో కొందరు నొచ్చుకున్నారు. నాకు ఇప్పటికీ అందులో వింత కనపడుతుంది, కానీ పూర్తిగా కొట్టిపారేయలేను. కంపెనీలకు కావాల్సింది పోలీసు వెరిఫికేషన్. చిరునామాలో పాతబస్తీ గల్లీ పేరు చూసి వెనకాడే మేనేజరు, పిలిచింది పోలీసులని తెలిస్తే వస్తాడు. పాపం ఆ పిల్లలు ఏ తప్పూ చేయకుండానే పూచీ చూపించుకోవాలి. ఆ పూచీ ఎవరైనా ఇస్తే మంచిదే, అసలు అడగకపోతే ఇంకా మంచిది.

బల్లల వరస పొడుగ్గా ఉంది. మందుల షాపులు, హాస్పిటళ్ల ఫ్రంట్ ఆఫీసు, క్రెడిట్ కార్డులు అమ్మే ఫీల్డ్ సేల్స్, కాల్ సెంటర్లు, ఇంటికి సరుకులు చేర్చే కంపెనీలు. డెలివరీ బల్ల ముందు వరస లేదు, వచ్చినవాడిని వచ్చినట్టు తీసుకుంటున్నారు. బండి ఉందా, లైసెన్సు ఉందా, అంతే. కాల్ సెంటర్ బల్ల ముందు తోపులాట. బీటెక్ బ్యాక్‌లాగులున్నవాడు, బీకాం మధ్యలో ఆపినవాడు, పదో తరగతి ఉర్దూ మీడియం అమ్మాయి ఒకే వరసలో నిలబడ్డారు. సాయంత్రానికి ఇంతమందికి ఆఫర్ లెటర్లు ఇచ్చామని ప్రకటిస్తారు, మర్నాడు పత్రికల్లో ఫొటో వస్తుంది. రెండో నెల జీతం అందుకున్నవాళ్లు ఎందరు అన్న లెక్క పత్రికలోనూ ఉండదు, ఫ్లెక్సీ మీదా ఉండదు.

ఆ లెక్క తెలిసిన మనిషి హాలు మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నలభై దాటిన ఆడమనిషి, బుర్ఖా మీద మెడలో కళ్లజోడు వేలాడుతోంది. పిల్లలంతా ఆపా అంటున్నారు. ఒక స్వచ్ఛంద సంస్థ కోసం ఈ చుట్టుపక్కల బస్తీల్లో పనిచేస్తుంది. ఆమె ముందు ఒక కుర్రాడు ఫారం పట్టుకుని నిలబడ్డాడు. అంతా నింపాడు, చివర రెండు గళ్లు ఖాళీ. బంధువులు కాని ఇద్దరి పేర్లు, హోదా, ఫోన్ నంబర్లు రాయాలి.

"ఎవరి పేరు రాయాలె ఆపా? మాకు తెలిసినోళ్లంతా మా వాళ్లే."

వాడు హాస్యానికి అనలేదు. తండ్రి గంజిలో హమాలీ. తెలిసినవాళ్లంటే పెదనాన్నలు, మేనమామలు, పక్కింట్లో అత్త కొడుకు. ఫారం తయారుచేసిన మనిషికి బంధువులు కాని పెద్దమనుషులు, ప్రొఫెసరో పాత మేనేజరో, ఎవరికైనా ఇద్దరుంటారని నమ్మకం. ఆపా ఏమీ మాట్లాడకుండా పెన్ను తీసి మొదటి గడిలో తన పేరు, నంబరు రాసింది. రెండో గడికి నాలుగు బల్లల అవతల ఉన్న ఒక రిటైర్డ్ స్కూలు మాస్టారి దగ్గరకు పంపింది.

"మీ నంబర్ ఇట్ల ఎన్ని ఫారాల మీద ఉంటదండీ?" అని అడిగాను.

"లెక్కబెట్టలే సాబ్. కంపెనీవాళ్లు ఫోన్ చేసేది నూటికొకరు. గడి ఖాళీగుంటే మాత్రం ఫారం పక్కకు పెడతరు." కాసేపాగి, "నాకు ఫోన్లొచ్చేది కంపెనీల నుంచి కాదు, పిల్లల నుంచి" అంది.

అన్నట్టుగానే ఫోను మోగింది. నెల కింద కాల్ సెంటర్లో చేరిన అమ్మాయి. ఉద్యోగం మానేస్తానంటోంది. రాత్రి రెండింటికి కంపెనీ క్యాబు మెయిన్ రోడ్డు మీద దింపి పోతోంది, గల్లీలోకి రానంటున్నాడు డ్రైవరు. ఇంట్లో అన్న రోజూ నిద్ర లేచి రోడ్డు దాకా రావాల్సి వస్తోంది, విసుక్కుంటున్నాడు. ఆపా డ్రైవరు పేరడిగింది, షిఫ్టు మేనేజరు నంబరడిగింది, గల్లీలో తవ్వేసిన రోడ్డు పూడ్చారా లేదా అని కూడా అడిగింది.

"నువ్వు రేపు డ్యూటీకి పో బేటా. నీ అన్నతోని నేను మాట్లాడుత. మేనేజరుకు ఇప్పుడే ఫోన్ చేస్తున్న" అని, నా వైపు చూసి చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసి, నంబరు కలపడం మొదలుపెట్టింది.